దిమ్మ మీది గరుడ

వేగాన్ని పట్టుకోవాలంటే వేగం కావాలి. ఈ సంగతి రహదారి వేగ నియంత్రణ సంస్థకి ఆలస్యంగా తెలిసింది. తెలిసిన వెంటనే ఒక కారు కొన్నారు.

అది మామూలు కారు కాదు. ఇద్దరికే చోటు. నేలకి జానెడు ఎత్తు. స్టార్టు చేస్తే పిల్లల్ని కన్న అడవిపందిలా గుర్రుమంటుంది. దానికి గరుడ అని పేరు పెట్టి, తోలడానికి కూర్మయ్యని వేశారు.

గరుడకి కూర్మమా అని నవ్వినవాళ్లున్నారు. సీనియారిటీ ప్రకారం అతని వంతు వచ్చింది, ఇంకెవరేం చేస్తారు? కూర్మయ్య జీపు తోలుతూ తోలుతూ జుట్టు నెరిపించుకున్న మనిషి. మాట తక్కువ. విజయనగరం దాటాక హైవే పక్కన సంస్థ ఆఫీసు, ఆఫీసు గేటు ఎదుట అతని పెళ్లాం పైడమ్మ బజ్జీల బండి. ఆఫీసులో ఫైలు కదలకపోయినా ఆ బండి దగ్గర మూకుడు దిగేది కాదు.

గరుడకి ప్రారంభోత్సవం చెయ్యడానికి అమాత్యులవారు వస్తారన్నారు. ఫొటోలు తీసేవాళ్లు ముందుగా వచ్చి చూసి పెదవి విరిచారు. కారు నేలకి అతుక్కుని, తొక్కిన రేకు డబ్బాలా ఉందన్నారు. గరుడ అన్నాక ఎగురుతున్నట్టు ఉండాలి కదా. అందుకని ఆఫీసు ముందర సిమెంటు దిమ్మ ఒకటి కట్టారు. వాలుగా కట్టారు. వెనక చక్రాలు నేల మీద, ముక్కు ఆకాశం వైపు. అమాత్యులవారు దిమ్మ మీదే రిబ్బను కోశారు, కొబ్బరికాయ కొట్టారు. దిమ్మకి పాలరాతి ఫలకం అతికించారు. "గరుడ నియత స్థానము" అని చెక్కించి, కింద అమాత్యులవారి పేరు పెద్ద అక్షరాలతో వేశారు.

ఆనాటి నుంచి గరుడ పొద్దున్న వెనక్కి దిగేది, సాయంత్రం ముక్కు పైకెత్తి ఎక్కేది.

ఆ సంస్థలో ఒక నిబంధన ఉంది. "వాహనమును నియత స్థానము నుండి అంగుళమైనను కదల్చక, ఇంజను చల్లగానున్నప్పుడు నూనె కొలవవలెను." వెనకటికి ఎవరో డ్రైవరు కొలతకి బండిని పక్కకి తీసుకుపోయి ఏదో మాయ చేశాడట. వాడు పోయాడు, నిబంధన మిగిలింది.

కూర్మయ్య రోజూ పొద్దున్నే దిమ్మ ఎక్కి, కొలబద్ద తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీసేవాడు. నూనె కింద గీతకి కూడా అందేది కాదు. స్టోరు వాడు డబ్బా తెచ్చేవాడు. పోసేవారు. మర్నాడు చూస్తే మళ్లీ తక్కువే. మళ్లీ పోసేవారు. జీపుని ఎప్పుడూ చదును నేల మీద కొలిచిన మనిషే కూర్మయ్య. కానీ దిమ్మ మీద కొలవడం తప్పేమోనన్న అనుమానం అతనికి రాలేదు. అమాత్యులు ఎక్కించిన చోటు తప్పెలా అవుతుంది?

చివరికి స్టోరు గదిలో డబ్బాలు ఖాళీ అయ్యాయి. సంస్థ సంచాలకులు భుజంగరావు గారు కూర్మయ్యని పిలిపించారు.

"ఏమయ్యా, గరుడ నూనె ఏమవుతోంది?"

"తగ్గుతంది బాబూ."

"తగ్గుతోందని నాకూ తెలుసు. ఎక్కడికి పోతోంది?"

"నాకేటి తెల్సు బాబూ. నాతో సెప్పి ఎల్తదా?"

భుజంగరావు గారికి ఈ జవాబు నచ్చలేదు. నూనె నష్ట విచారణ సంఘం వేశారు. దానికి అధ్యక్షులుగా సర్వోత్తమం గారిని నియమించారు. సర్వోత్తమం గారు అంతకుముందు ఒక వంతెన కనబడకుండా పోయిన కేసు విచారించి, వంతెన లేనిచోట ఏరు ఉండడం నేరమని తేల్చిన మనిషి.

ఆయన ముందుగా గరుడ కింద తెల్ల దుప్పటి పరిపించారు. అతిథి గృహంలోది, ఇస్త్రీ చేసింది. దాని చుట్టూ నలుగురు అధికారులు కళ్లలో వత్తులు వేసుకుని కూర్చున్నారు. సాయంత్రానికి దుప్పటి మీద ఒక కాకి రెట్ట వేసింది. నూనె చుక్క మాత్రం పడలేదు. హైవే మీద సంస్థ వారే పోయించిన స్పీడు బ్రేకర్లకి పొట్ట రాసుకుని కన్నం పడిందేమోనని కారు కింద పడుకుని చూశారు. అదీ లేదు.

సర్వోత్తమం గారు కూర్మయ్యని నిలబెట్టి వాంగ్మూలం తీసుకున్నారు.

"ద్రవ పదార్థమునకు రెండే గతులు. కారుట, లేక అపహరింపబడుట. కారలేదు. దుప్పటి సాక్ష్యం ఉంది. మరి నీవేమందువు?"

"పొగొస్తంది బాబూ. గట్టిగా తోలితే ఎనకాల నీలంగా పొగొస్తంది. ఆయిలు కాలిపోతందేమో."

సర్వోత్తమం గారు జాలిగా చూశారు.

"కొత్త వాహనమునకు ఏడాది వరకు పొగ ఉండదు. అందుకే పొగ పరీక్ష నుండి మినహాయింపు ఇచ్చారు."

"కనబడతంది గదా బాబూ."

"కనబడవచ్చు. ఉండదు."



ఇక మిగిలింది దొంగతనం. దొంగ ఎవరు? నూనెతో పని ఉన్నవాడు. నూనెతో పని ఎవరికి? సర్వోత్తమం గారు ఈ ప్రశ్న వేసుకుని కిటికీలోంచి బయటికి చూశారు. గేటు ఎదుట మూకుడులో మిరపకాయ బజ్జీలు బుడబుడమంటున్నాయి.

"ఆ బండి ఎవరిది?"

"మా ఇంటిదాన్దే బాబూ."

నలుగురు అధికారులూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో ముగ్గురు అప్పుడే ఆ బజ్జీలు తిని వచ్చినవాళ్లు. ఒకాయన మెల్లిగా పొట్ట తడుముకున్నారు.

ఆ రోజే పైడమ్మ బండి దగ్గరికి జీపు వెళ్లింది. మూకుడులో ఉన్నవి ఉన్నట్టే బజ్జీలు స్వాధీనం చేసుకుని, మైనపు ముద్ర వేసి, నగరంలో ప్రయోగశాలకి పంపారు. కూర్మయ్య జీతం ఆపారు. నేరం రుజువైతే ఉద్యోగమూ పోతుంది, బండీ లేస్తుంది. గరుడ తిరగవలసింది మాత్రం తిరుగుతూనే ఉండాలి కాబట్టి దాన్ని అతనే తోలాలి. దిగి ఇంటికి వెళ్లేటప్పుడు గేటు దగ్గర ఒక జవాను అతని చేతులు వాసన చూసేవాడు. జవాను ముక్కు నమ్మదగినదో కాదో చూడడానికి ఇంకో జవానుని వేశారు.

మాట హైవే వెంబడి పాకింది. పైడమ్మ ఇంజినాయిలులో బజ్జీలు వేస్తోందట. తిన్నవాళ్లెవరికీ ఏమీ కాలేదు. అయినా అందరికీ ఏదో అయినట్టే ఉంది. బండి చుట్టూ మూగే జనం దూరంగా నిలబడి చూసి పోయేవారు. ఒక లారీ డ్రైవరు మాత్రం ఆపి, కిటికీలోంచి తల బయటికి పెట్టాడు.

"పైడమ్మత్తా! నాలుగు బజ్జీలెయ్యి. మన లారీ గేరుబాక్సు బిగిసిపోనాది."

"నీ నోరు కూడా బిగిసిపోతే బాగున్నురా! దిగు, దిగి రా. ఈ అట్లకాడతో గేరు నాను మారుస్తాను."

వాడు నవ్వుకుంటూ పోయాడు. ఆమె నవ్వలేదు. కలిపిన శనగపిండి అలాగే ఉండిపోయింది.

సాయంత్రం కూర్మయ్య వచ్చి బండి పక్కన బల్ల మీద కూర్చున్నాడు. పైడమ్మ మూకుడు తోముతోంది. రెండుసార్లు తోమిన మూకుణ్నే మళ్లీ తోముతోంది.

"నీ జీతం ఆపితే ఆపనీ. ఎలాగో బతుకుతాం. నా మూకుడు మీద మాట పడింది. మాయమ్మ ఎట్టిన మూకుడిది. దీని మీద పడ్డ మాట ఎవుడు తుడుస్తాడు?"

కూర్మయ్య బల్ల మీద ఎండిన శనగపిండి గోటితో గీకుతున్నాడు.

"నువ్వొక మాటైనా ఆడవేటి?"

"ఆడినాను. పొగొస్తందన్నాను."

"ఏటన్నారు?"

"పొగ లేదన్నారు."

ఆమె గుడ్డ పడేసి మొగుడి ముఖం చూసింది.

ప్రయోగశాల నుంచి జవాబు వచ్చింది. భుజంగరావు గారు అందరి ఎదుటా చదివించారు. "తమరు పంపిన నమూనాయందు శనగపిండి, వాము, మిరపకాయ గుర్తించడమైనది. ఇంజను నూనె లక్షణములు ప్రాథమికముగా కానరాలేదు. అయితే నమూనా దారిలో చల్లారినందునను, సిబ్బంది సంఖ్యకు చాలనందునను తుది నిర్ధారణ చేయజాలము. మరల వేడిగా పంపవలెను. అరటికాయ రకమును, పచ్చడిని కూడ జతపరచవలెను."

పంపారు. మళ్లీ చాలలేదన్నారు. మళ్లీ పంపారు. ఈసారి ఉల్లిపాయ ముక్కలు లేనందున పరీక్ష నిలిచిపోయినదని రాశారు. పైడమ్మ బజ్జీలు కొనేది ఇప్పుడు ఒక్క ప్రభుత్వమే. అదీ డబ్బులివ్వకుండా.

ఈలోపు కారు తయారుచేసిన కంపెనీ వాళ్లు ఒక ఇంజనీరుని పంపారు. పేరు సునంద. చిన్న పిల్ల, భుజాన సంచి. దిమ్మ దగ్గరికి రాగానే ఆగిపోయింది.

"ఇదేంటండీ, కారుని ఇలా ఏటవాలుగా పెట్టారు?"

"అది గరుడ నియత స్థానము," అన్నారు సర్వోత్తమం గారు.

"నూనె ఇక్కడే కొలుస్తున్నారా?"

"అంగుళమైనను కదల్చము."

ఆమె నుదురు రుద్దుకుంది. కూర్మయ్య చేత కారు కిందికి దింపించింది. చదునుగా ఉన్న చోట పెట్టించి, ఒక టీ తాగేంతసేపు ఆగింది. తరవాత కొలబద్ద తీసింది. నూనె పై గీత దాటి చాలా పైకి ఉంది.

అందరూ గుడ్లప్పగించారు. ఆమె చేతిలో ఇంకా టీ గ్లాసు ఉంది. దాన్ని ఒక పక్కకి వంచింది.

"చూడండి. టీ ఈ పక్కకి చేరింది, ఆ పక్క తగ్గినట్టు కనిపిస్తోంది. తగ్గలేదు, జరిగింది. ముక్కు పైకెత్తితే ఇంజనులో నూనె కూడా వెనక్కి జరుగుతుంది. కొలబద్ద ముందు పక్కన ఉంది. మీకు తక్కువ కనిపిస్తోంది, పోసేస్తున్నారు. ఎక్కువైన నూనెని ఇంజను ఉంచుకోలేదు. ఊపిరి గొట్టంలోంచి కక్కి, కాల్చి, పొగ చేసి వదిలేస్తోంది. మళ్లీ దిమ్మ ఎక్కిస్తారు, మళ్లీ తక్కువ, మళ్లీ పోస్తారు. దొంగ ఎవరూ లేరండీ. చదును మీద పెట్టి కొలవండి, పోయడం మానండి. అంతే."

కూర్మయ్య గుండెల మీంచి రోలు దింపినట్టయింది. గేటు బయట నిలబడి వింటున్న పైడమ్మ చేతులెత్తి ఆ పిల్లకి దణ్ణం పెట్టింది.

భుజంగరావు గారి ముఖం మాత్రం సున్నం కొట్టిన గోడలా అయింది. ఆయన పాలరాతి ఫలకం వైపు చూస్తున్నారు.

"అంటే... లోపం దిమ్మది అంటారా?"

"నేల వాలుగా ఉందంటున్నానండీ."

"దిమ్మ అమాత్యులవారి అమృత హస్తముల మీదుగా ప్రారంభమైనది, అమ్మా."

"నేను ఆయన్నేమీ అనలేదండీ. వాలు అన్నాను."

"ఆ మాటే వద్దంటున్నాను!"

ఆమెకి శాలువా కప్పారు. జ్ఞాపిక ఇచ్చారు. స్టేషనుకి జీపులో పంపారు. "కంపెనీ ప్రతినిధి అభిప్రాయమును సంతోషముతో ఆలకించడమైనది" అని రాసుకున్నారు. ఆమె అటు వెళ్లగానే గరుడని మళ్లీ దిమ్మ ఎక్కించారు. కూర్మయ్య గుండెల మీదికి రోలు తిరిగొచ్చింది.

"ఆ యమ్మ సెప్పింది కదా బాబూ?" అన్నాడు ఉండబట్టలేక.

"చెప్పింది," అన్నారు సర్వోత్తమం గారు. "బాగా చెప్పింది. కానీ సంస్థ తరఫున చెప్పలేదు."

ఆ వారంలో పెద్ద సమావేశం జరిగింది. దిమ్మ వాలుగా ఉందంటే అమాత్యులవారు వాలు మీద నిలబడ్డట్టు అవుతుంది. వాలు మీద నిలబడ్డారంటే జారవచ్చునని అర్థం వస్తుంది. ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. కాబట్టి దిమ్మ వాలుగా ఉండడానికి వీల్లేదు. పైగా నిధులు మంజూరైంది "సమతల వేదిక" పేరుతో. వాలు వేదికకి ఆ సంస్థలో పద్దు లేదు.

రుజువు కోసం సర్వేయరుని పిలిపించారు. అతను రసమట్టం తెచ్చి దిమ్మ మీద పెట్టాడు. అందులో బుడగ పరిగెత్తుకుంటూ వెళ్లి ఒక చివర తల కొట్టుకుంది. సర్వేయరుకి చెమటలు పట్టాయి.

"బుడగ పక్కకి పోయిందండి."

భుజంగరావు గారు అతని భుజం మీద చెయ్యి వేశారు.

"బుడగకి ఉద్యోగం లేదయ్యా. నీకుంది."

దిమ్మ సమతలమేనని సర్వేయరు ధ్రువపరిచాడు. అంతటితో ఆగినా బాగుండేది. కానీ సర్వోత్తమం గారు తర్కం వదిలే మనిషి కాదు. దిమ్మ సమతలమైతే, దానికి సమానంగా లేని నేల ఏమిటి? వాలు. అంటే సంస్థలో మిగిలిన జీపులన్నీ ఇన్నాళ్లూ వాలు నేల మీద నిలబడుతున్నాయి. వాటి నూనె కొలతలన్నీ తప్పు!

సమావేశంలో ఒకాయనకి కళ్లు తిరిగాయి. కళ్లు తిరిగింది కూడా నేల వాలు వల్లేనని రాసుకున్నారు.

జీపు జీపుకీ దిమ్మ కట్టించారు. సిమెంటు లారీలు వరస కట్టాయి. పని పూర్తయ్యేసరికి ఆఫీసు ఆవరణలో జీపులన్నీ ముక్కులు పైకెత్తి, చంద్రుణ్ని చూసి ఏడ్చే కుక్కల్లా నిలబడ్డాయి. మర్నాడు పొద్దున్న కొలబద్దలు తీస్తే అన్నింట్లోనూ నూనె తక్కువే. అన్నింట్లోనూ పోశారు. బళ్లన్నీ డ్యూటీకి బయల్దేరాయి.

ఆ రోజు హైవే చూడాలి. ఏ బండి వెనక చూసినా నీలం పొగ. ఒక జీపు పొగలోంచి బయటపడితే ఇంకో జీపు పొగ. ముందు బండి కనబడదు, వెనక బండి కనబడదు. లారీలు లైట్లు వేసుకుని నత్తల్లా పాకాయి. కార్లు పక్కకి తీసి ఆపేశారు. బస్సులో కండక్టరు దిగి ముందు నడుస్తూ దారి చూపించాడు. ఎడ్లబండి ఒకటి ఆ రోజు అందరినీ దాటుకుని పోయిందని చెప్పుకుంటారు.

వేగం తగ్గింది! అంతకుముందు ఎన్ని బోర్డులు పెట్టినా, ఎన్ని జరిమానాలు వేసినా తగ్గని వేగం తగ్గింది. సంస్థ పుట్టినప్పటినుంచి అది సాధించిన మొదటి విజయం. భుజంగరావు గారికి ఉత్తమ సంచాలకులని బిరుదు ఇస్తారన్న మాట కూడా పుట్టింది.

ఆ హుషారులో సర్వోత్తమం గారు నూనె నష్ట విచారణ ముగించారు. కూర్మయ్యని మళ్లీ నిలబెట్టారు. అతను తలవంచుకుని నిలబడ్డాడు. గేటు ఇనప చువ్వలు పట్టుకుని పైడమ్మ బయట నిలబడింది. ఇక్కడ ఒక్క మాట అటైతే మూకుడు కట్టిపెట్టాలి.

"సంస్థలోని సమస్త వాహనములందును నూనె తగ్గుచున్నందున," అని మొదలుపెట్టారు ఆయన, "ఒక వాహనమున తగ్గిన అది చౌర్యము. సమస్త వాహనములందు తగ్గిన అది వినియోగము. ఇంతటి నూనెను హరించవలెనన్న ఈ జిల్లా జనాభా మొత్తము రాత్రింబవళ్లు బజ్జీలు తినవలసి యుండును. కావున నిందితుడు నిర్దోషి."

కూర్మయ్యకి సగమే అర్థమైంది. ఆ సగం చాలు.

"మరి మా ఇంటిదాని మాట బాబూ? మూకుడు మీద పడ్డ మాట?"

దానికీ ఉత్తర్వు ఇచ్చారు. అట్ట మీద అతికించి, ముద్ర వేసి, బండికి కట్టుకోమన్నారు. "ఈ బండియందలి బజ్జీలలో ప్రభుత్వ నూనె లేదు" అని రాసుంది. పైడమ్మ దాన్ని రెండుసార్లు చదివించుకుని బండి నెత్తిన కట్టింది.

"లేని మాట అన్నోళ్లే లేదని రాసిచ్చినారు. బాగుంది."

జనం తిరిగొచ్చారు. పొగ పుణ్యమా అని వెనకటికంటే ఎక్కువే వచ్చారు. దారి కనబడక ఆగిపోయిన బళ్లన్నీ ఆ గేటు ముందే ఆగుతున్నాయి. ఆగినవాడికి ఆకలేస్తుంది. గేరుబాక్సు మాటన్న లారీ డ్రైవరు కూడా దిగొచ్చి దూరంగా నిలబడ్డాడు. పైడమ్మ వాణ్ని పిలిచి మరీ వేసింది. వాడికేసినవన్నీ మంట మిరపకాయలు.

ప్రయోగశాల వాళ్లు మాత్రం ఇంకా రాస్తూనే ఉన్నారు. పరీక్ష చివరి దశలో ఉందట.

ఒక సాయంత్రం భుజంగరావు గారు స్వయంగా బండి దగ్గరికి వచ్చారు. ప్లేటు పట్టుకుని నిలబడ్డారు. ముందు రోజు వాన పడి నేల మెత్తబడింది. బండి చక్రం ఒకటి కాస్త దిగింది. మూకుడు ఒరిగి నూనె అంతా ఒక పక్కకి చేరింది. ఈ పక్క వేసిన బజ్జీ సగం నూనెలో, సగం గాలిలో ఉండి పచ్చిగానే మిగిలింది.

"నూనె తగ్గిపోయింది, పైడమ్మా. ఇంకాస్త పొయ్యి," అన్నారు భుజంగరావు గారు.

పైడమ్మ డబ్బా అందుకోలేదు. మొగుడి వైపు చూసింది. కూర్మయ్య వంగి ఒక చెక్కముక్క ఏరుకుని, చక్రం దగ్గర గొంతుకూర్చున్నాడు. పెట్టబోయి, ఆగి, తలెత్తి అధికారి ముఖం చూశాడు.

"ఎట్టమంతారా బాబూ?"

భుజంగరావు గారు అటు చూశారు, ఇటు చూశారు. సర్వోత్తమం గారు దూరంగా, నోటి నిండా బజ్జీతో, పొగకి ఆగిన ఒక మోటారు సైకిలు అతనికి నేల వాలు గురించి చెబుతున్నారు. ఆయన వెనక ఆవరణలో దిమ్మల మీద బళ్లన్నీ ముక్కులెత్తి నిలబడి ఉన్నాయి. ముందు వరసలో గరుడ.

భుజంగరావు గారు మెల్లిగా హైవే వైపు తిరిగి, ముఖం పూర్తిగా అటు పెట్టేసుకున్నారు.

కూర్మయ్య చెక్కముక్క తోశాడు. బండి సర్దుకుంది. మూకుడులో నూనె వచ్చి తన చోట తాను నిలబడింది.

"అయిందా?" అన్నారు భుజంగరావు గారు, హైవే మీద ఇంకా విడని పొగలోకే చూస్తూ.

"అయింది బాబూ."

ఆయన తల తిప్పకుండానే ప్లేటు వెనక్కి చాపారు.

"అయితే రెండు వెయ్యమను. బాగా కాలినవి."